పాత ల్యాప్‌టాప్‌లో వెబ్ పేజీ సరిగ్గా కనబడకపోతే ఎక్కడ మొదలుపెట్టాలి

"అన్నయ్యా, ఫారం మొత్తం నింపాను, కింద సబ్మిట్ బటన్ లేదు. సైట్ పాడైనట్టుంది" అని మా బాబాయి కూతురు రాత్రి పదింటికి ఫోన్ చేసింది. మర్నాడే ఆఖరు తేదీ. తనది సెలెరాన్ ఎన్4020 ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్ ఉన్న చిన్న ల్యాప్‌టాప్. "స్లో మెషిన్ కదా, అందుకే ఇలా" అని తీర్పు కూడా తనే చెప్పేసింది. కంట్రోల్ కీ పట్టుకుని సున్నా నొక్కమన్నాను. కాసేపు చప్పుడు లేదు. తర్వాత, "వచ్చింది!"

స్లో ల్యాప్‌టాప్‌తో ఉన్న చిక్కు ఇదే. ఏ తేడా వచ్చినా నేరం దాని నెత్తిన వేసేస్తాం. పేజీ సరిగ్గా కనబడలేదంటే తప్పు సైట్‌ది కావచ్చు, బ్రౌజర్‌ది కావచ్చు, మెషిన్‌ది కావచ్చు. ఎవరిదో తేల్చకుండా సెట్టింగులు కెలికితే ఉన్నది కూడా పోతుంది. అందుకని కింద చెప్పే పనుల్లో తేలికైనవి ముందు పెట్టాను. ఒకసారికి ఒక్కటే మార్చండి, మార్చి చూడండి, ఫలితం లేకపోతే దాన్ని మళ్లీ యథాస్థానంలో పెట్టి తర్వాతి దానికి వెళ్లండి. నాలుగు కలిపి మారిస్తే ఏది పనిచేసిందో మీకే తెలియదు.

ముందు దొంగ ఎవరో తేల్చండి

అదే పేజీని ఫోన్‌లో తెరవండి, వైఫై ఆపేసి మొబైల్ డేటా మీద. అక్కడా అలాగే ఉంటే సైట్‌దే తప్పు, మీరు చేయగలిగిందేమీ లేదు, గంట ఆగి చూడండి. ఫోన్‌లో బాగుంటే ల్యాప్‌టాప్‌లోనే ఇంకో బ్రౌజర్‌లో తెరవండి. విండోస్ 10, 11లలో ఎడ్జ్ ఎలాగూ ఉంటుంది కాబట్టి కొత్తగా ఏదీ దించుకోనక్కర్లేదు. ఎడ్జ్‌లో బాగుండి క్రోమ్‌లో బాగా లేదంటే మెషిన్‌ని తిట్టడం ఆపేయొచ్చు.

తర్వాత అదే బ్రౌజర్‌లో ప్రైవేట్ విండో తెరవండి. క్రోమ్, ఎడ్జ్‌లలో కంట్రోల్, షిఫ్ట్, ఎన్ కలిపి నొక్కాలి. ఫైర్‌ఫాక్స్‌లో ఎన్ బదులు పీ. ఈ విండోలో మీ ఎక్స్‌టెన్షన్లు (బ్రౌజర్‌కి మనం తగిలించుకునే చిన్న ప్రోగ్రాములు) మామూలుగా నడవవు, పాత కుకీలు (సైట్లు మన బ్రౌజర్‌లో దాచిపెట్టే గుర్తులు) ఉండవు. ఇక్కడ పేజీ చక్కగా వస్తే తప్పు ఎక్స్‌టెన్షన్‌ది గానీ పాత కుకీలది గానీ. నా అనుభవంలో మొదటి అనుమానం ఎప్పుడూ డార్క్ మోడ్ ఎక్స్‌టెన్షన్ మీదే. అది నల్లటి పేజీ మీద నల్లటి అక్షరాలు పెట్టేస్తుంది, మనం "పేజీ ఖాళీగా వస్తోంది" అనుకుంటాం. అలాంటప్పుడు కంట్రోల్, ఏ కలిపి నొక్కి చూడండి. మొత్తం సెలెక్ట్ అయ్యాక నీలిరంగులో అక్షరాలు బయటపడితే అవి అక్కడే ఉన్నట్టు.

స్క్రీన్ మీద గీతలు, మచ్చలు, మెరుపులు కనబడితే ఇంకో పరీక్ష ఉంది. చాలామంది దీన్ని చేయరు. స్క్రీన్‌షాట్ తీసి ఫోన్‌కి పంపుకోండి. ఫోన్‌లో చూసినప్పుడు కూడా ఆ గీతలు ఉంటే అది బ్రౌజర్ గొడవో గ్రాఫిక్స్ గొడవో. ఫోన్‌లో బొమ్మ శుభ్రంగా ఉంటే అనుమానం తెర మీదకో దానికి వెళ్లే కేబుల్ మీదకో పోతుంది. అప్పుడు ల్యాప్‌టాప్ మూతని మెల్లగా ముందుకీ వెనక్కీ వంచండి. వంచినప్పుడల్లా గీతలు మారుతుంటే కేబుల్ వదులైంది. ఇక బ్రౌజర్ సెట్టింగుల జోలికి వెళ్లకుండా రిపేర్ షాపుకు తీసుకెళ్లండి.

బటన్ కనబడట్లేదు, మెనూ మాయమైంది

మా చెల్లి సమస్య ఇది. తక్కువ ధర ల్యాప్‌టాప్‌లలో ఎక్కువగా ఉండేది 1366 బై 768 తెర. అంటే నిలువునా 768 చుక్కలు మాత్రమే. అక్షరాలు చిన్నగా ఉన్నాయని విండోస్ స్కేల్ 125 శాతం పెట్టుకుంటాం. తర్వాత టచ్‌ప్యాడ్ మీద వేళ్లు ఎలాగో తగిలి బ్రౌజర్ జూమ్ కూడా 125 అవుతుంది. రెండూ కలిస్తే పేజీ 156 శాతం పెద్దదైనట్టు. ట్యాబ్‌లు, అడ్రస్ బార్, టాస్క్‌బార్ తమ వాటా తీసుకున్నాక పేజీకి నిలువునా 400 పిక్సెళ్లు కూడా మిగలవు. అడ్డంగా మిగిలేది దాదాపు 874. అంత ఇరుకు చోటు చూసి చాలా సైట్లు "ఇదేదో ట్యాబ్లెట్" అనుకుని మెనూని మూడు గీతల గుర్తులోకి మడిచేస్తాయి. పైన మామూలుగా కనబడే లాగిన్, డౌన్‌లోడ్ అన్నీ ఆ మూడు గీతల కింద ఉంటాయి. పాప్-అప్‌లో వచ్చే ఫారం అయితే ఇంకా అన్యాయం: పాప్-అప్ తెర కంటే పొడవైపోయి, దానికి స్క్రోల్ లేకపోతే, సరే అనే బటన్ అంచు కింద చిక్కుకుపోతుంది.

చేయాల్సింది:

1. కంట్రోల్, సున్నా. జూమ్ 100కి వస్తుంది.
2. ఇంకా బటన్ దొరక్కపోతే కంట్రోల్ పట్టుకుని మైనస్ నొక్కుతూ 67 శాతం దాకా తగ్గించండి. అక్షరాలు చీమల్లా కనబడతాయి, పర్వాలేదు, బటన్ నొక్కేదాకానే కదా.
3. ఎఫ్11 నొక్కితే ట్యాబ్‌లు, టాస్క్‌బార్ పోయి తెరంతా పేజీకే వస్తుంది. మళ్లీ ఎఫ్11 నొక్కితే వెనక్కి. కొన్ని ల్యాప్‌టాప్‌లలో ఎఫ్‌ఎన్ కీ కూడా పట్టుకోవాలి.
4. అప్పటికీ కాకపోతే ట్యాబ్ కీ కొడుతూ వెళ్లండి. కనబడని బటన్ దగ్గరికి కూడా కర్సర్ చేరుతుంది, చాలాసార్లు పేజీ దానంతటదే జరిగి బటన్‌ని చూపిస్తుంది.

బ్రౌజర్లు జూమ్‌ని ఒక్కో సైట్‌కి విడివిడిగా గుర్తుపెట్టుకుంటాయి. అందుకే "అన్ని సైట్లూ బాగున్నాయి, ఇదొక్కటే ఇలా" అనిపిస్తుంది, తప్పు సైట్ మీదకు పోతుంది.

పేజీ బట్టల్లేకుండా వచ్చింది

రంగులు, గళ్లు, పెట్టెలు ఏమీ లేకుండా తెల్ల కాగితం మీద నీలం లింకులు వరసగా కింద దాకా పడి ఉంటే పేజీలోని రాత వచ్చింది, దాన్ని అలంకరించే ఫైల్ రాలేదు. నెట్ నత్తనడకన ఉన్నప్పుడు ఇది మామూలే. మామూలు రిఫ్రెష్ కాకుండా కంట్రోల్, షిఫ్ట్, ఆర్ నొక్కండి. బ్రౌజర్ తన దగ్గర దాచుకున్న పాత ముక్కల్ని పక్కనపెట్టి అన్నీ కొత్తగా తెచ్చుకుంటుంది.

రోజూ ఇలాగే అవుతుంటే మూడు చూడండి.

మొదటిది తేదీ. నవ్వకండి. పాత ల్యాప్‌టాప్‌లలో గడియారాన్ని నడిపే చిన్న బటన్ సెల్ ఒకటి ఉంటుంది, సాధారణంగా సీఆర్2032. అది అయిపోతే ఛార్జింగ్ పూర్తిగా పోయినప్పుడల్లా తేదీ ఏ పదేళ్ల వెనక్కో వెళ్లిపోతుంది. సైట్ చూపించే సెక్యూరిటీ సర్టిఫికెట్ ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా చెల్లుతుందని రాసి ఉంటుంది కదా, మీ ల్యాప్‌టాప్ దృష్టిలో ఆ సర్టిఫికెట్ ఇంకా పుట్టనే లేదు. అందుకే మీ కనెక్షన్ సురక్షితం కాదంటూ ఎర్ర హెచ్చరిక వస్తుంది. టాస్క్‌బార్‌లో తేదీ మీద రైట్ క్లిక్ చేసి, సమయం ఆటోమేటిక్‌గా సెట్ అయ్యే ఆప్షన్ ఆన్ చేయండి. మళ్లీ మళ్లీ తప్పుతుంటే సెల్ మార్పించాలి. "అడ్వాన్స్‌డ్ నొక్కి ముందుకెళ్లిపో" అనే సలహా ఎవరైనా ఇస్తే, బ్యాంకు సైట్ దగ్గర మాత్రం అస్సలు వినకండి.

రెండోది ఖాళీ. 32 జీబీ, 64 జీబీ స్టోరేజీ ఉన్న చిన్న ల్యాప్‌టాప్‌లలో విండోసే చాలా వరకు ఆక్రమించేస్తుంది. సీ డ్రైవ్‌లో ఎర్రగీత కనబడుతోందంటే బ్రౌజర్‌కి ముక్కలు దాచుకునే చోటు లేదన్నమాట. డౌన్‌లోడ్స్ ఫోల్డర్ తెరిచి చూడండి, ఒకే హాల్‌టికెట్ ఏడుసార్లు దించుకుని ఉంటారు. సెట్టింగ్స్‌లో స్టోరేజ్ కింద టెంపరరీ ఫైల్స్ కూడా తీసేయండి. కాకపోతే ఆ జాబితాలో డౌన్‌లోడ్స్ పక్కన టిక్ ఉంటే తీసేసి మరీ నొక్కండి.

మూడోది బ్రౌజర్ వయసు. విండోస్ 7, 8.1 మీద క్రోమ్ 109తోనే ఆగిపోయింది. అది 2023 జనవరి నాటిది. ఆ తర్వాత వచ్చిన సైట్లు వాడే కొత్త హంగులు దానికి అర్థం కావు, పెట్టెలు ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చుంటాయి. ఆ విండోస్‌లకి ఫైర్‌ఫాక్స్ చివరి తరం 115 ఈఎస్‌ఆర్ (ఎక్కువ కాలం సపోర్ట్ ఇచ్చే రకం). ఇక్కడ ఏ సెట్టింగ్ మార్చినా లాభం లేదు, విండోస్‌నే మార్చాలి. విండోస్ 10కి కూడా మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. బ్రౌజర్లు దాని మీద ఇంకా నడుస్తాయి గానీ ఆ గడియారం కూడా తిరుగుతూనే ఉంది.

నల్ల మచ్చలు, మినుకుమినుకులు, తెల్లతెర

స్క్రోల్ చేస్తుంటే పేజీలో నల్లటి చతురస్రాలు. వీడియో చోట ఆకుపచ్చ పెట్టె, లోపల మాట మాత్రం వినబడుతుంది. ట్యాబ్ మార్చగానే తెల్లతెర, మౌస్ పెట్టిన చోట మాత్రమే పేజీ బయటపడటం. ఇవన్నీ ఒకే జబ్బు లక్షణాలు.

బ్రౌజర్ పేజీని గీసే పనిని ప్రాసెసర్ ఒక్కదాని మీదే వేయదు, గ్రాఫిక్స్ చిప్‌కి పంచుతుంది. దీన్నే హార్డ్‌వేర్ యాక్సిలరేషన్ అంటారు, ఇప్పుడు క్రోమ్‌లో గ్రాఫిక్స్ యాక్సిలరేషన్ అని రాసి ఉంటుంది. చవక ల్యాప్‌టాప్‌లలో గ్రాఫిక్స్ చిప్‌కి సొంత మెమరీ ఉండదు, ఉన్న 4 జీబీ ర్యామ్‌లోంచే అప్పు తీసుకుంటుంది. దానికి తోడు డ్రైవర్, అంటే ఆ చిప్‌ని విండోస్‌తో మాట్లాడించే సాఫ్ట్‌వేర్, ఏనాటిదో. బ్రౌజర్ కొత్తది, డ్రైవర్ పాతది, ఇద్దరికీ మాట కలవక తెర మీద నల్ల మచ్చలు పడతాయి.

ముందు చిన్న చిట్కా. విండోస్ కీ, కంట్రోల్, షిఫ్ట్, బీ నాలుగూ కలిపి నొక్కండి. తెర ఒక్కసారి ఆరి వెలుగుతుంది, బీప్ అని శబ్దం రావచ్చు. గ్రాఫిక్స్ డ్రైవర్ మాత్రమే మళ్లీ మొదలవుతుంది, తెరిచిన ఫైళ్లు అలాగే ఉంటాయి. తాత్కాలికమే గానీ, దీంతో మచ్చలు పోయాయంటే దొంగ దొరికినట్టే.

తర్వాత డ్రైవర్ అసలు ఉందో లేదో చూడండి. స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ చేసి డివైస్ మేనేజర్ తెరవండి, డిస్‌ప్లే అడాప్టర్స్ పక్కన బాణం నొక్కండి. అక్కడ ఇంటెల్ అనో ఏఎమ్‌డీ అనో ఉండాలి. "మైక్రోసాఫ్ట్ బేసిక్ డిస్‌ప్లే అడాప్టర్" అని ఉంటే డ్రైవర్ లేదు, విండోస్ ఏదో గడిచిపోయేలా నెట్టుకొస్తోంది. నేను ఒకసారి విండోస్ మళ్లీ వేయించుకున్న ల్యాప్‌టాప్‌లో సరిగ్గా ఇదే జరిగింది. షాపతను విండోస్ వేసి, డ్రైవర్లు వేయకుండా ఇచ్చేశాడు. నేనేమో వారం రోజులు బ్రౌజర్ తీసేసి మళ్లీ వేస్తూ కూర్చున్నాను. ఇలా ఉంటే ముందు విండోస్ అప్‌డేట్‌లో ఆప్షనల్ అప్‌డేట్స్ చూడండి, లేదా ల్యాప్‌టాప్ అడుగున స్టిక్కర్ మీదున్న మోడల్ నంబర్‌తో తయారీ సంస్థ సైట్‌కి వెళ్లి డ్రైవర్ దించుకోండి. "డ్రైవర్లన్నీ ఒక్క క్లిక్‌తో" అని ఊరించే సాఫ్ట్‌వేర్ల జోలికి మాత్రం పోకండి. అవి తెచ్చే చెత్త కంటే నల్ల మచ్చలే నయం.

డ్రైవర్ ఉన్నా మచ్చలు పోకపోతే అప్పుడు యాక్సిలరేషన్ ఆపండి. క్రోమ్‌లో మూడు చుక్కలు, సెట్టింగ్స్, సిస్టమ్. గ్రాఫిక్స్ యాక్సిలరేషన్ స్విచ్ ఆఫ్ చేసి, పక్కనే వచ్చే రీలాంచ్ నొక్కండి. ఎడ్జ్‌లో సిస్టమ్ అండ్ పెర్ఫార్మెన్స్ కింద ఉంటుంది. ఫైర్‌ఫాక్స్‌లో సెట్టింగ్స్, జనరల్‌లో కిందికి వెళ్తే పెర్ఫార్మెన్స్ వస్తుంది. అక్కడ సిఫార్సు చేసిన సెట్టింగ్స్ వాడమనే టిక్ తీస్తేనే రెండో టిక్ బయటపడుతుంది.

ఇది మందే గానీ దీనికీ పథ్యం ఉంది. ఆపేశాక గీసే పనంతా ప్రాసెసర్ మీద పడుతుంది. రెండు కోర్ల ఎన్4020 లాంటిది పేజీలు నెట్టుకొస్తుంది, వీడియో దగ్గర ఆయాసపడుతుంది. కాబట్టి మచ్చలు పోయాయని అలాగే వదిలేయకండి. నెలా రెండు నెలలకి బ్రౌజర్, డ్రైవర్ కొత్తవి వచ్చాక మళ్లీ ఆన్ చేసి చూడండి. దీనికి తిరకాసు కూడా ఉంది: ఎవరో ఎప్పుడో ఆపేసి మర్చిపోయిన ల్యాప్‌టాప్‌లో స్క్రోల్ తడబడుతుంటే, చేయాల్సింది ఆన్ చేయడమే.

వీడియో ఒక్కటే తడబడుతుంటే యూట్యూబ్‌లో వీడియో మీద రైట్ క్లిక్ చేసి "స్టాట్స్ ఫర్ నెర్డ్స్" నొక్కండి. కోడెక్స్ (వీడియోని కుదించే పద్ధతులు) అనే వరసలో ఏవీ01 అని ఉంటే అది ఏవీ1 రకం. ఇంటెల్‌లో 11వ తరం నుంచే దాన్ని విప్పే సర్క్యూట్ చిప్‌లో ఉంది, అంతకు ముందు వాటిలో ప్రాసెసర్ చెమటోడ్చాలి. వీపీ09 అయితే 7వ తరం నుంచి తేలిక. ఏవీసీ1 అంటే పాత హెచ్.264, దాదాపు అన్ని ల్యాప్‌టాప్‌లకీ అలవాటైనదే. అక్కడే డ్రాప్డ్ ఫ్రేమ్స్ అంకె గబగబా పెరుగుతుంటే క్వాలిటీ 480కి దించండి. 768 చుక్కల తెర మీద 1080 పెట్టుకుని సాధించేదేమీ లేదు కూడా.

తెలుగు డబ్బాలు డబ్బాలుగా కనబడితే

ఇంగ్లిష్ బాగుండి తెలుగు చోట ఖాళీ పెట్టెలు వస్తే ఫాంట్ లేదు. విండోస్ ఎక్స్‌పీలో గౌతమి, విండోస్ 7లో దానికి తోడు వాణి, విండోస్ 8 నుంచి నిర్మలా యూఐ వచ్చాయి. కాబట్టి విండోస్ 10, 11లలో తెలుగు కనబడాలి. కనబడకపోతే ఎవరో ఫాంట్ల ఫోల్డర్‌లో వేలు పెట్టారు. సెట్టింగ్స్‌లో ఆప్షనల్ ఫీచర్స్‌కి వెళ్లి తెలుగు సప్లిమెంటల్ ఫాంట్స్ వేసుకోండి, గౌతమి, వాణి దాంట్లో వస్తాయి. విండోస్ బదులు లినక్స్ వాడేవారు నోటో ఫాంట్లు గానీ లోహిత్ తెలుగు గానీ వేసుకుంటే చాలు.

పెట్టెలు కాకుండా, నెత్తిన గీత ఉన్న ఇంగ్లిష్ ఏ, దాని పక్కన డిగ్రీ గుర్తు, మళ్లీ అదే ఏ, పక్కన ప్లస్-మైనస్ గుర్తు ఇలా వరసగా వస్తుంటే సంతోషించండి, ఫాంట్ కులాసాగా ఉంది. పేజీ యూనికోడ్‌లో (అన్ని భాషల అక్షరాలకీ పనికొచ్చే ఉమ్మడి పట్టికలో) ఉంది, బ్రౌజర్ దాన్ని పాత ఐరోపా అక్షరాల పట్టికతో చదువుతోంది. ఫైర్‌ఫాక్స్‌లో ఆల్ట్ నొక్కితే పైన మెనూ వస్తుంది, వ్యూలో "రిపేర్ టెక్స్ట్ ఎన్‌కోడింగ్" నొక్కితే చాలావరకు తెలుగు తిరిగొస్తుంది. మరీ పాత తెలుగు సైట్ల సంగతి వేరు. అప్పట్లో ఒక్కో సైట్‌కి ఒక్కో సొంత ఫాంట్ ఉండేది, ఆ ఫాంట్ లేకపోతే కనబడేది పిచ్చి ఇంగ్లిషే. దాన్ని బ్రౌజర్ బాగుచేయలేదు.

బొమ్మ బాగానే ఉంది, రావడమే ఆలస్యం

స్క్రోల్ చేసినప్పుడు కింద తెల్లగా ఉండి నెమ్మదిగా నిండుతుంటే ర్యామ్ చాలట్లేదు. క్రోమ్‌లో షిఫ్ట్, ఎస్కేప్ నొక్కండి. ఏ ట్యాబ్ ఎంత తింటోందో జాబితా వస్తుంది. మెమరీ అనే మాట మీద నొక్కితే పెద్దవి పైకి వస్తాయి. పైన ఉన్న ఒకటి రెండిటిని ఎండ్ ప్రాసెస్ చేయండి, ట్యాబ్ పోదు, తర్వాత కావాలంటే రీలోడ్ చేసుకోవచ్చు. సెట్టింగ్స్‌లో పెర్ఫార్మెన్స్ కింద, వాడని ట్యాబ్‌లని నిద్రపుచ్చే మెమరీ సేవర్ ఆన్ చేయండి, ఎడ్జ్‌లో దీని పేరు స్లీపింగ్ ట్యాబ్స్. ఫారం నింపుతున్న సైట్‌ని మాత్రం మినహాయింపు జాబితాలో చేర్చండి.

ప్రకటనల బరువు కూడా తక్కువ కాదు. వార్తల సైట్ తెరిస్తే వార్త కంటే ప్రకటనలే ఎక్కువ ర్యామ్ తింటాయి. ప్రకటనల్ని ఆపడానికి ఫైర్‌ఫాక్స్‌లో యూబ్లాక్ ఆరిజిన్, క్రోమ్‌లో దాని లైట్ రకం వేసుకోండి. ఒక్కటి చాలు, రెండు మూడు బ్లాకర్లు పెడితే అవే బరువు.

బ్యాటరీ 20 శాతానికి దిగాక మాత్రమే స్క్రోల్ కుదుపుగా ఉంటోందా? క్రోమ్ ఎనర్జీ సేవర్ పని అది, ఛార్జర్ పెడితే సర్దుకుంటుంది. అలాగే ఛార్జర్ తీసినప్పుడు మాత్రమే నల్లటి పేజీ నుంచి తెల్లటి పేజీకి మారగానే వెలుగు మెల్లగా పెరిగి తగ్గుతుంటే అదీ బ్రౌజర్ కాదు. ఇంటెల్ గ్రాఫిక్స్ బ్యాటరీ ఆదా చేస్తోంది. ఇంటెల్ గ్రాఫిక్స్ కమాండ్ సెంటర్‌లో పవర్ కింద డిస్‌ప్లే పవర్ సేవింగ్స్ ఆపేయండి. విండోస్ 11 డిస్‌ప్లే సెట్టింగ్స్‌లోనూ పేజీలోని రంగుల్ని బట్టి వెలుగు మార్చే ఆప్షన్ ఒకటి ఉంటుంది, దాన్ని కూడా చూడండి.

డబ్బు పెట్టాల్సి వస్తే

లోపల ఇంకా తిరిగే హార్డ్ డిస్కే ఉంటే మొదటి రూపాయి ఎస్‌ఎస్‌డీకే (తిరిగే భాగాలు లేని వేగమైన డిస్క్). తర్వాత ర్యామ్. కొనే ముందు మీ మోడల్‌లో ర్యామ్ స్లాట్ ఉందో లేదో కనుక్కోండి, చాలా చిన్న ల్యాప్‌టాప్‌లలో ర్యామ్ బోర్డుకే అతికించి ఉంటుంది, పెంచడం కుదరదు. రెండూ కుదరని మెషిన్‌కి లినక్స్ మింట్‌లో ఎక్స్‌ఎఫ్‌సీఈ రకం వేసి చూడండి. ముందు పెన్‌డ్రైవ్ మీద నుంచే నడిపి, మీరు రోజూ వాడే నాలుగు సైట్లు, తెలుగు అక్షరాలు, వైఫై, ప్రింటర్ పనిచేస్తున్నాయో లేదో చూసుకున్నాకే డిస్క్ మీద వేయండి. డిజిటల్ సిగ్నేచర్ డాంగిల్ (ఆన్‌లైన్ సంతకానికి వాడే యూఎస్‌బీ పరికరం) వాడేవారు మాత్రం విండోస్‌ని తీసేయకుండా ఉంచుకోండి, ఆ డాంగిల్ సాఫ్ట్‌వేర్ లినక్స్‌లో నడుస్తుందన్న భరోసా లేదు.